శిబిరంలోనూ పేపరు చదువుతారు

గోదావరికి వరదొచ్చిన వారంలో మా అమలాపురం డెస్కుకి వచ్చే వార్తల్లో నీళ్ళకంటే కన్నీళ్ళు ఎక్కువ. కట్టుబట్టలతో, బిక్కుబిక్కుమంటూ, దయనీయ స్థితిలో, పట్టెడన్నం కోసం ఎదురుచూపులు... మండలం మారినా మాట మారదు. సఖినేటిపల్లి కాపీలోంచీ అయినవిల్లి కాపీలోంచీ ఊళ్ళ పేర్లు తీసేసి పక్కపక్కన పెడితే, ఏది ఎవరిదో రాసినవాళ్ళే పోల్చుకోలేరు. ఈ కాపీలు దిద్దడం నా ఉద్యోగం. కొత్తగా చేరిన కుర్రాళ్ళు "శిబిరం గురించి రాసేటప్పుడు ఏ మాట వాడాలి మాస్టారూ?" అని అడుగుతుంటారు. జాబితా ఏదో ఇస్తానని వాళ్ళ ఆశ. నేను చెప్పేది ఒక్కటే. రేప్పొద్దున్న ఆ పేపరు పాలప్యాకెట్లతోపాటు ఆ శిబిరానికీ వెళ్తుంది. నువ్వు ఏ ముసలావిడ గురించి రాశావో, ఆవిడకి మనవడు చదివి వినిపిస్తాడు. విని ఆవిడ "ఇది నేనేరా" అనాలి.

2022 జూలై సంగతి చూడండి. కోనసీమ జిల్లా పుట్టింది ఆ ఏప్రిల్ 4న. మూడు నెలలు దాటాయో లేదో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ 17.75 లక్షలకే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటిందని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత నీరు రాకపోయినా, పి.గన్నవరం, మామిడికుదురు, రాజోలు, ముమ్మిడివరం వైపు లంకల్లో జనం ఏటిగట్టు ఎక్కాల్సి వచ్చింది. స్కూళ్ళు, కల్యాణ మంటపాలు, తుపాను షెల్టర్లు శిబిరాలయ్యాయి.

ముందు ఆ "కట్టుబట్టలతో" అన్న మాట సంగతి. అది నిజంగా చెల్లేది రాత్రికి రాత్రి మీదపడే ఉప్పెనకి. గోదావరి వరద అలా రాదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎంతో చూసి, మనదాకా రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్కకట్టగలరు లంకవాళ్ళు. ఆ వ్యవధిలో గ్యాస్ బండ అటకెక్కుతుంది. ధాన్యం బస్తాలు మంచాల మీదికి, మంచాలు బల్లల మీదికి పోతాయి. గేదెలు గట్టు మీద బరకాల కిందికి వస్తాయి. ఒక స్కూలు వరండాలో ఒకావిడ తెచ్చుకున్న సంచి చూశాను. పాలిథిన్ కవర్లో మడతపెట్టిన ఆధార్ కార్డులు, భూమి పాస్‌బుక్కు, కూతురి టెన్త్ సర్టిఫికెట్టు, బీపీ మాత్రలు, దేవుడి పటం, మిక్సీ జారు. మిక్సీ ఇంట్లోనే ఉందట, జారు మాత్రం కొత్తదని తెచ్చుకుంది. ఈవిడని "కట్టుబట్టలతో వచ్చిన అభాగ్యురాలు" అని రాస్తే, ఆ సంచి సర్దిన బుర్రని మనం లెక్కలోకి తీసుకోనట్టే. సంచిలో ఏముందో రాయండి చాలు.

"నిరాశ్రయులు" అన్నదీ అంతే. చాలా లంకల వాళ్ళకి ఇల్లు గట్టు మీదనుంచి కనపడుతూనే ఉంటుంది, కిటికీదాకా నీళ్ళలో. శిబిరంలో పొద్దున్న లెక్కేస్తే ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళే ఎక్కువ. మగవాళ్ళేరని అడిగితే డాబాల మీద కాపలా ఉన్నారంటారు, లేకపోతే గేదెల దగ్గర. పడవెక్కి వెళ్ళి తాళం చూసుకొచ్చేవాళ్ళు కొందరు. మా కొత్త కుర్రాడొకడు "మగదిక్కు లేని మహిళలు" అని రాసుకొచ్చాడు. వాళ్ళకి మగదిక్కు ఉంది, డాబా మీద ఉంది. పులిహోర పొట్లాలు అక్కడికి చేరలేదు. అసలు వార్త అది.

విశేషణం రాయబోయే ముందు టేపు తియ్యమంటాను. "ఇరుకు గదిలో మగ్గుతున్నారు" అన్నది ఎవరైనా కాదనవచ్చు. ఇరుకు అన్నది చూసేవాడి ఇంటిని బట్టి ఉంటుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో సహాయ శిబిరాలకి కనీస ప్రమాణాలు రాసిపెట్టింది. తలదాచుకోడానికి మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు, అంటే ఒక నులకమంచం వేసి చుట్టూ కాస్త మసలేంత. తాగడానికి రోజుకి మనిషికి కనీసం 3 లీటర్ల నీళ్ళు. 30 మందికి ఒక మరుగుదొడ్డి. మన సర్కారు బడిలో క్లాసు గది 20 అడుగులకి 25 అడుగులుందనుకోండి, ఈ లెక్కన 13 మందే పట్టాలి. ఆ గదిలో ఎంతమంది పడుకున్నారో తలలు లెక్కపెట్టి ఆ రెండు అంకెలూ పక్కపక్కన వేస్తే, "మగ్గుతున్నారు" అనక్కర్లేదు, అధికారి కాదనడానికీ వీలుండదు. మరుగుదొడ్డి దగ్గరైతే తలుపుకి గడియ ఉందా, రాత్రి దీపం వెలుగుతోందా అని ఆడవాళ్ళని అడగాలి. "కనీస వసతులు కరువు" అన్న నాలుగు కాలాల శీర్షికకంటే గడియ లేదన్న ఒక్క ముక్క పంచాయతీని తొందరగా కదిలిస్తుంది. నా అనుభవం అది.

ఇంకో అలవాటు నాకు బొత్తిగా గిట్టదు. "శిబిరానికి పోటెత్తిన బాధితులు", "వెల్లువలా తరలివచ్చిన జనం" అంటారు. వరదకి ఇల్లొదిలి వచ్చినవాళ్ళనే వరదలా రాయడం! 2015లో బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ ఫ్రాన్సు తీరంలో కాచుకున్న వలసజనాన్ని పురుగుల దండుని అన్నట్టుగా ఒక మాట అని నానా మాటలూ పడ్డాడు. నీళ్ళతో పోల్చినా పురుగులతో పోల్చినా జరిగేది ఒకటే. వచ్చినవాళ్ళ ముఖాలు పోయి, గట్టు కట్టి ఆపాల్సిన సరుకులా కనపడతారు.

"శరణార్థి" అని కూడా కొందరు ఉత్సాహంగా రాస్తారు. ఆ మాటకి చట్టంలో ఒక అర్థముంది. 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం జాతి, మతం, రాజకీయ అభిప్రాయం వంటి కారణాలకి వేధిస్తారన్న భయంతో దేశం సరిహద్దు దాటినవాళ్ళు శరణార్థులు. సొంత దేశంలోనే చోటు మారినవాళ్ళు కారు. 2005లో కత్రినా తుపానుకి న్యూ ఆర్లియన్స్ మునిగినప్పుడు అమెరికన్ పత్రికలు అక్కడివాళ్ళని శరణార్థులంటే, "మేం ఈ దేశ పౌరులం, పరాయివాళ్ళలా చూస్తారేం?" అని నల్లజాతి నాయకులు నిలదీశారు. కొన్ని పత్రికలు ఆ మాట మానేశాయి, కొన్ని మానలేదు. మన లంకవాళ్ళు శిస్తు కడతారు, ఓటేస్తారు. సర్కారు బియ్యం వాళ్ళ హక్కు, ఎవరి దగ్గరో పుచ్చుకునే శరణు కాదు.

సరిహద్దు దాటి వచ్చినవాళ్ళ కథ మనకేమీ కొత్త కాదు. కోరంగి రేవునుంచి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ కొరంగీలనే పిలిచేవారు. 1942లో రంగూను జపాను చేతికి చిక్కాక వేలమంది అడవులు, కొండలు దాటుకుంటూ నడిచొచ్చారు. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చి, వ్యాపారాలు జాతీయం చేశాక మరికొందరు ఓడలెక్కారు. మన పత్రికలు వాళ్ళని కాందిశీకులన్నాయి. విశాఖపట్నం కంచరపాలెం దగ్గర ఇప్పటికీ బర్మా క్యాంపుంది. గుడారాలు పోయి డాబాలొచ్చినా, బర్మా చూడని మనవలు ఉద్యోగాలు చేస్తున్నా, ఆ పేరు ఊడలేదు. ఇప్పుడు అదే బర్మానుంచి వచ్చిన రోహింగ్యాలు హైదరాబాదు బాలాపూర్ చుట్టుపక్కల ఉంటున్నారు. అక్కడికెళ్ళి రాసేవాళ్ళకి నేను పైన చెప్పిందంతా తిరగబడుతుంది. సంచిలో ఏముందో, ఇంటి పక్కన ఏ దుకాణం ఉందో, వదిలొచ్చిన ఊరేదో పూసగుచ్చినట్టు రాస్తే, మనిషి ఆచూకీ పట్టించినట్టవుతుంది. అక్కడ పేరు మార్చాలి, ముఖం తీయకూడదు. ఊరిలో ఉండిపోయిన బంధువులకి కీడు చేసే వివరం ఎంత అందంగా ఉన్నా వదులుకోవాలి. 1951 ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు కనక రోహింగ్యాల కాళ్ళ కింద నేల ఇంకా పల్చన.

కోనసీమలోనూ శిబిరాలన్నీ ఒక్కలా ఉండవు. అక్కడ జనం దేనికోసం కాచుకుని ఉన్నారన్న దాన్నిబట్టి మాట మారాలి. వరద శిబిరంలో నీరు తీయడం కోసం చూస్తారు. పొద్దున్నే గట్టు కింద పుల్ల గుచ్చి, ఎంత తగ్గిందో చూసుకుంటారు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్జీసీ బావి బద్దలై 65 రోజులు మండినప్పుడు, ఊళ్ళు ఖాళీ చేసి వచ్చినవాళ్ళకి గుచ్చడానికి పుల్ల లేదు. మంట ఎప్పుడారుతుందో ఇంజనీర్లు చెప్పాలి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను తర్వాత కాట్రేనికోన మండలం బలుసుతిప్ప, ఐ.పోలవరం మండలం భైరవపాలెం వంటి ఊళ్ళవాళ్ళు కాచుకున్నది మనుషుల కోసం. సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. అలాంటి చోట "గల్లంతు" అన్న మాట చాలా జాగ్రత్తగా రాయాలి. ఏడేళ్ళు ఆచూకీ లేకపోతేనే మనిషి చనిపోయినట్టు చట్టం భావిస్తుంది. ఆలోగా ఆ ఇంటి ఇల్లాలికి బొట్టు విషయంలో, బ్యాంకు ఖాతా విషయంలో, పరిహారం విషయంలో ఎవరి మాట వాళ్ళది. ఆవిడని "వితంతువు" అని మనం తొందరపడి రాసేస్తే, ఆవిడ ఇంకా తేల్చుకోని సంగతిని ఊరందరి ముందూ మనమే తేల్చినట్టు.

"బాధితులు" అన్న మాటని మాత్రం ఏం చేయాలో నాకూ తెగలేదు. కొబ్బరి ఒలుపు పనిచేసి నలుగుర్ని పోషించేవాడిని ఆ ఒక్క మాటలో కుదించడం ఇష్టంలేక, వీలున్నచోట కొట్టేసి "లంక రైతు", "ఒలుపు కార్మికుడు" అని పెడతాను. కానీ గ్రామ సచివాలయంలో రాసే జాబితా పేరే బాధితుల జాబితా. అందులో పేరుంటేనే బియ్యం, సాయం డబ్బు. ఈ గొడవంతా ఒకసారి గట్టు మీద ఒకాయనతో చర్చకి పెడితే, చుట్ట కాల్చుకుంటూ ఓపిగ్గా విన్నాడు. "పేపర్లో నన్ను ఏమని రాస్తారో రాయండి గానండీ, జాబితాలో మా ఇంటి నంబరు తప్పు పడింది, ముందది రాయండి" అన్నాడు. అలాంటి ఇళ్ళు ఆ వీధిలో ఇంకెన్ని ఉన్నాయో కనుక్కురమ్మని కుర్రాణ్ణి పంపాను.