బిడ్డతోపాటు పెరిగే కవాటం

టెట్రాలజీ ఆఫ్ ఫాలో వంటి గుండె లోపాలతో పుట్టిన పిల్లల్లో కొందరికి, గుండె కుడి గది నుంచి ఊపిరితిత్తులకు రక్తం పోయే దారిలో కొత్త కవాటం అమర్చాల్సి వస్తుంది. ఆపరేషన్ నాడు అది బాగానే పనిచేస్తుంది, చిక్కంతా ఆ తరువాతే. ఇందుకు వాడే పశువుల కణజాలాన్ని మామూలుగా గ్లూటరాల్డిహైడ్‌లో నానబెడతారు. చర్మాన్ని తోలుగా పదును చేసినట్టు, ఆ రసాయనం కొల్లాజెన్ పోగులను బిగించేస్తుంది. అలా బిగిసిన కణజాలం కుళ్లదు, శరీరం దాన్ని వెంటనే తిప్పికొట్టదు. కాని బిడ్డ సొంత కణాలు అందులో కాపురం పెట్టలేవు, పైగా చిన్న వయసులో దానిమీద సున్నం త్వరగా పేరుకుంటుంది. బిడ్డ ఎదుగుతుంది, కవాటం ఎదగదు. మళ్లీ ఛాతీ తెరవాలి.

దీనికి విరుగుడుగా వచ్చినవే జీవచట్రాలు. డిటర్జెంటు ద్రావణంతో కణాలను పగలగొట్టి పూర్తిగా కడిగేస్తే కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగుల అల్లిక మిగులుతుంది. అందులో రోగి కణాలే చేరి, పాత పోగులు తీసి కొత్తవి వేసుకోవాలి. ఇది జరగాలంటే చట్రం చూడ్డానికి అచ్చం కవాటంలా ఉంటే చాలదు. అది ఏ ప్రాణిది, ఎంత శుభ్రంగా కడిగారు అన్నవే ఫలితాన్ని తేలుస్తాయి. వియన్నా వైద్యులు 2003లో ప్రచురించిన నివేదిక చదివితే మనసు కలత చెందుతుంది. కణాలు తీసేశామన్న పంది కవాటాలను నలుగురు పిల్లలకు అమర్చారు. ముగ్గురు చనిపోయారు. నాలుగో బిడ్డకు ముందుజాగ్రత్తగా దాన్ని తీసేశారు. పరీక్షిస్తే తీవ్రమైన వాపు కనిపించింది, బిడ్డల కణాలు చట్రంలో చేరిన జాడ లేదు. వాడని కవాటాలను చూస్తే వాటిలో పంది కణాలు ఇంకా మిగిలే ఉన్నాయి.

ఇంత జరిగాక ఈ దారి వదిలేయాలనడం సహజమే. అయితే 2002లో మోల్డోవా రాజధాని కిషినావ్‌లో 13, 11 ఏళ్ల ఇద్దరు పిల్లలకు, కణాలు కడిగేసిన మనిషి కవాటాలను, వారి రక్తం నుంచి పెంచిన కణాలు పరిచి అమర్చారు. మూడున్నరేళ్లలో కవాటపు వలయం ఒకరికి 18 నుంచి 22.5 మిల్లీమీటర్లకు, మరొకరికి 22 నుంచి 26కు పెరిగింది. అది పెరుగుదల కాదు, రక్తపు ఒత్తిడికి సాగడమేనని ఎవరైనా అంటే ఆ అనుమానాన్ని తోసిపుచ్చలేం. వలయం మాత్రమే సాగి రెక్కలు పెరగకపోతే కవాటం రానురాను కారుతుంది. కాబట్టి వలయపు వ్యాసాన్నీ కారుదలనూ కలిపి ఏళ్ల తరబడి కొలిస్తేనే తేలుతుంది. ఇద్దరు పిల్లల లెక్క అందుకు చాలదు.

మరో అభ్యంతరం ఇంకా బలమైనది: దాతల కవాటాలు, అందులోనూ పిల్లల కొలతవి, ఎన్ని దొరుకుతాయి? అందుకే పంది కణజాలాన్ని పక్కన పెట్టలేం. కాని దాని కణాల మీదుండే గాల్ అనే చక్కెరకు ఎదురుగా మన రక్తంలో సహజంగానే యాంటీబాడీలు ఉంటాయి. కణాలు ఎంతమేర పోయాయో తేల్చడానికి, మిల్లీగ్రాము పొడి కణజాలంలో డీఎన్ఏ 50 నానోగ్రాములకు మించకూడదన్న కొలమానాన్ని పరిశోధకులు 2011లో ప్రతిపాదించారు. డీఎన్ఏతోపాటు గాల్‌నూ కొలవనిదే పంది చట్రాన్ని బిడ్డ గుండెలో పెట్టకూడదు.

గుండెపోటుతో చచ్చిన కండరానికీ ఇలాంటి చట్రాలను ప్రయత్నించారు, కాని దాని సంగతి వేరు: చట్రంలో చేరాల్సిన కండర కణాలే అరుదుగా పుడతాయి. పాతికేళ్ల వయసులోనే గుండె కండర కణాలు ఏడాదికి సుమారు 1 శాతమే కొత్తవి పుడతాయని 2009లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. పంది గుండె చట్రంతో చేసిన జెల్‌ను 2019లో వెలువడిన తొలి దశ పరీక్షలో 15 మంది రోగుల గుండెల్లోకి ఎక్కించారు. అది ముఖ్యంగా భద్రత కోసం చేసిన పరీక్ష. దాన్ని చూపి కొత్త కండరం పుట్టిందని రోగికి చెప్పడం అన్యాయం.