సెలవుల్లో పిల్లలతో ఒక యాత్రా గ్రంథం



మ్యాప్ చూస్తే దారి తెలుస్తుంది. ఆ దారిలో ఏం గమనించాలో మంచి రచయిత చెబితే తెలుస్తుంది. యాత్రా రచనలు చదవడంలో ఉన్న ఆనందం ఇదే.

ఏనుగుల వీరాస్వామి గారి 'కాశీయాత్ర చరిత్ర' చూడండి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన, మన దేశంలో రైళ్లు లేని 1830లో పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరారు. కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్లి, కలకత్తా, పూరీ మీదుగా 1831లో తిరిగి వచ్చారు. దారి ఎలా ఉంది, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి, ఎక్కడ బస చేయవచ్చు వంటి వివరాలన్నీ మిత్రుడికి ఉత్తరాలుగా రాశారు. అవే 1838లో పుస్తకంగా వచ్చాయి. మనకు తెలిసిన ఊళ్లే అందులో దాదాపు 200 ఏళ్ల క్రితం ఎలా ఉండేవో కనిపిస్తాయి.

భాష పాతది కాబట్టి రోజుకు రెండు పేజీలు మీరే చదివి వినిపించండి. పక్కన మ్యాప్ పెట్టి ఊళ్లు వెతకమనండి. ఈసారి ఊరెళ్లినప్పుడు, చూసినవన్నీ అమ్మమ్మకో తాతయ్యకో తెలుగులో ఉత్తరంగా రాయమనండి. ఫోటోల్లో కనిపించని రుచులు, వాసనలు, తోటి ప్రయాణికుల కబుర్లు ఆ ఉత్తరంలో మిగులుతాయి.