బంతికి తెలిసింది అర మిల్లీసెకనే

తల్లీ, ఏ కోచ్ మాట వినాలని నువ్వు అడిగింది రెండు రోజులుగా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. స్కూల్ గోల్ఫ్ కోచ్ ఏమో నడుము ఇంకాస్త వంచి నిలబడు, భుజాలూ చేతులూ ఒకే వాలులో తిప్పు, పైనుంచి గట్టిగా తిరుగు అంటున్నాడు. శనివారాలు నేర్పే ఆవిడేమో నిటారుగా నిలబడు, చేతులు పైకి లేవాలి అంటోంది. ఇద్దరి మాటా విని కొడుతుంటే బంతి ఎడమకు బయలుదేరి కుడికి వంగిపోతోందన్నావు. అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం పీజీఏ వాళ్ల ప్రధాన కార్యాలయం 2022 నుంచి టెక్సస్‌లోని మీ ఫ్రిస్కోలోనే ఉంది. అంతమంది నిపుణుల మధ్య ఉంటూ హైదరాబాదులో ఉన్న తాతయ్యను అడిగావంటే, నీకు దీని వెనకున్న సైన్సు కావాలన్నమాట. చెబుతాను, కాస్త ఓపికగా విను.

స్వింగ్ సంగతి పక్కన పెట్టి ముందు బంతి దగ్గరికి వెళదాం. నియమాల ప్రకారం గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు, అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. డ్రైవర్ అనే పొడవాటి క్లబ్ తల బరువు సుమారు 200 గ్రాములు. మహిళల ప్రొఫెషనల్ టూర్ ఎల్‌పీజీఏలో ఆడే అమ్మాయిల డ్రైవర్ తల సగటున గంటకు 150 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 42 మీటర్ల వేగంతో వచ్చి బంతిని తాకుతుంది. తాకడం, బంతి నొక్కుకుపోవడం, మళ్లీ ఉబ్బి విడిపోవడం అన్నీ కలిపి సుమారు అర మిల్లీసెకను. సెకనులో రెండు వేలో వంతు! ఆ కాసేపట్లో క్లబ్ తల రెండు సెంటీమీటర్లు కూడా జరగదు. బంతి మాత్రం కదలకుండా ఉన్నది కాస్తా గంటకు 225 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. నీకు ఫిజిక్స్‌లో చెప్పే ఉంటారు, ద్రవ్యవేగంలో వచ్చిన మార్పును కాలంతో భాగించు. సగటు బలం సుమారు 600 కిలోల బరువు మోపినంత వస్తుంది. కాగితం మీద వేసి చూడు, ఆ అంకె చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ దెబ్బ అదురు షాఫ్ట్ గుండా పాకి నీ వేళ్లకు చేరేసరికే బంతి వెళ్లిపోయి ఉంటుంది. ఇక ఆ కబురు మెదడుకు అందేది ఎప్పుడు? క్లబ్ పైనుంచి బంతి దాకా దిగే డౌన్‌స్వింగ్‌కు మొత్తం పట్టే కాలం సెకనులో మూడో వంతుకు కూడా తక్కువ. కంటితో చూసి చేతితో సర్దుకోవడానికి మనిషికి సెకనులో అయిదో వంతు పడుతుంది. కిందికి దిగడం మొదలయ్యాక మధ్యలో దిద్దుకోవడానికి టైము ఎక్కడుంది? ఏ స్వింగ్ ఎంచుకున్నా అది నీ ప్రమేయం లేకుండా తనంతట తాను అలాగే జరిగిపోవాలి.

ఇప్పుడు అసలు విషయం. ఆ అర మిల్లీసెకనులో బంతికి అందే సమాచారం చాలా తక్కువ. క్లబ్ తల ఎంత వేగంతో వచ్చింది, ఏ దారిన వచ్చింది, పై నుంచి దిగుతూ వచ్చిందా, కింది నుంచి లేస్తూ వచ్చిందా, బంతిని తాకే క్లబ్ ముఖం, అంటే ఫేస్, ఎటు చూస్తోంది, ఫేస్ మీద ఏ చోట తగిలింది. అంతే. నీ మోచెయ్యి ఎక్కడుందో, నడుము ఎంత వంగిందో, ఏ కోచ్ మాట విన్నావో బంతికి తెలియదు.

వీటిలో ఫేస్ పెత్తనం చాలా ఎక్కువ. మధ్యలో తగిలిన బంతి ఏ దిక్కుగా బయలుదేరాలో డ్రైవర్‌తో అయితే 85 శాతం దాకా ఫేసే నిర్ణయిస్తుంది, ఐరన్‌తో 75 శాతం దాకా. మిగిలిన కాస్త మాత్రమే క్లబ్ నడిచిన దారిది. ఫేస్‌కూ దారికీ మధ్య తేడా ఉంటే బంతి తిరిగే ఇరుసు ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ పక్కకే బంతి గాలిలో వంగుతుంది. కొన్ని దశాబ్దాల పాటు చాలామంది కోచ్‌లు దీన్ని తలకిందులుగా నేర్పారు. బంతి దారిని బట్టి బయలుదేరుతుంది, ఫేస్‌ను బట్టి వంగుతుంది అనేవారు. 2003లో డెన్మార్క్‌లో మొదలైన ట్రాక్‌మాన్ లాంటి డాప్లర్ రాడార్‌లు మైదానాల్లోకి వచ్చాక అసలు సంగతి అందరి కళ్లకూ కట్టింది. ఎంతమంది పిల్లలు ఏళ్ల తరబడి తప్పు చోట దిద్దుకుంటూ పోయి ఉంటారో తలుచుకుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. ఒక్క డిగ్రీ తేడాతో బయలుదేరిన బంతి వంకర లేకుండా పోయినా 200 మీటర్ల దూరానికి మూడున్నర మీటర్లు పక్కకు పోతుంది. ఇంత సున్నితమైన చోట తప్పు లెక్క నేర్పకూడదు.

నీ బంతి ఎడమకు బయలుదేరి కుడికి వంగుతోంది కదా. నువ్వు కుడిచేతి వాటం. బయలుదేరింది ఎడమకు కాబట్టి ఫేస్ గురికి కాస్త ఎడమగా చూస్తోంది. వంగింది కుడికి కాబట్టి క్లబ్ నడిచిన దారి ఫేస్ కంటే ఇంకా ఎడమకు ఉంది. అంటే క్లబ్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వస్తోంది. ఈ మాట గుర్తుంచుకో.

మరి వేగం ఎక్కడి నుంచి వస్తుంది? మా చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలడానికి వడిసెల విసిరేవాళ్లం. ముందు చెయ్యి కదులుతుంది, రాయి వెనకే ఉండిపోతుంది. చెయ్యి వేగం తగ్గే చోట ఆ ఊపంతా తాడు గుండా రాయికి పోయి, రాయి చేతిని దాటుకుని దూసుకుపోతుంది. తొందరపడి ముందే మణికట్టు విదిలించినవాడి రాయి కంచె కూడా దాటేది కాదు. గోల్ఫ్ స్వింగ్‌లో జరిగేది ఇదే. ఆలిస్టర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ 1968లో బ్రిటన్‌లో వేసిన ‘సెర్చ్ ఫర్ ది పర్‌ఫెక్ట్ స్వింగ్’ పుస్తకంలో దీన్ని జంట లోలకంగా చూపించారు. భుజం దగ్గర నుంచి చేతుల దాకా ఒక లోలకం, మణికట్టు నుంచి క్లబ్ తల దాకా రెండోది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఫిజిక్స్ ప్రొఫెసర్ థియొడోర్ జోర్గెన్‌సెన్ ఆ తర్వాత దానికి సమీకరణాలు రాసి, ‘ది ఫిజిక్స్ ఆఫ్ గోల్ఫ్’ అని ఏకంగా ఒక పుస్తకమే తెచ్చారు. తుంటి, ఛాతీ, చేతులు, క్లబ్ ఇలా ఒకదాని నుంచి ఒకదానికి ఊపు అందుతూ పోవాలి. మణికట్టు మడత చివరిదాకా నిలవాలి. బంతి దగ్గరికి వచ్చేసరికి క్లబ్ తల నీ చేతుల్ని సుమారు 30 కిలోల బరువు లాగినంతగా బయటికి లాగుతుంటుంది, మడతను విప్పేది ఎక్కువగా ఆ లాగుడే. బలవంతంగా విదిలించక్కర్లేదు.

మీ ఇద్దరు కోచ్‌లు చెప్పే రెండు పద్ధతుల్లోనూ ఈ జంట లోలకమే పనిచేస్తుంది. తేడా అంతా చేతులు ఏ వాలులో తిరుగుతాయన్న దాంట్లో ఉంది. జిమ్ హార్డీ అనే కోచ్ 2005లో వేసిన పుస్తకంలో వీటికి వన్ ప్లేన్, టూ ప్లేన్ అని పేర్లు పెట్టారు. బ్యాక్‌స్వింగ్ చివర ఎడమ చెయ్యి భుజాల వాలులోనే ఉంటే వన్ ప్లేన్, భుజాల కంటే ఎత్తుకు లేచి ఉంటే టూ ప్లేన్. బెన్ హోగన్ మొదటి రకం, జాక్ నిక్లాస్ రెండో రకం అని ఆయన లెక్క. ఇద్దరూ ఈ ఆటలో శిఖరాలే, కాబట్టి ఏది గొప్పదన్న వాదన నాకు ముఖ్యంగా తోచదు.

ముఖ్యమైంది ఇది: ఒక్కో స్వింగ్‌లోని భాగాలు ఒకదాని లోటును ఒకటి పూడుస్తూ ఉంటాయి. వన్ ప్లేన్‌లో నడుము బాగా వంగి ఉంటుంది, చేతులు ఛాతీకి దగ్గరగా ఉంటాయి, కాబట్టి పైనుంచి భుజాలు గట్టిగా తిప్పినా క్లబ్ దారి తప్పదు. టూ ప్లేన్‌లో చేతులు ఎత్తున ఉంటాయి, అవి ముందు కిందికి దిగాలి, ఆ తర్వాతే భుజాలు తిరగాలి. అవి దిగకముందే భుజాలు తిప్పావా, చేతులు బయటికి తోసుకుపోతాయి, క్లబ్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వస్తుంది. ఇప్పుడు నీ సంగతి చూడు. శనివారం నేర్చిన ఎత్తు చేతులు, స్కూల్లో నేర్చిన గట్టి భుజాల తిప్పుడు. ఇద్దరి మాటా శ్రద్ధగా విన్నావు తల్లీ, అందుకే బంతి అలా పోతోందని నా అనుమానం. ఇద్దరి పాఠాలూ విడివిడిగా సరైనవే.

చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. ఒకప్పుడు షాఫ్ట్‌లు హికరీ కర్రతో చేసేవారు. కొట్టేటప్పుడు ఆ కర్ర మెలిపడి ఫేస్ వెనకబడేది, చేతులతో దాన్ని తిప్పి మూయాల్సి వచ్చేది. 1930లో బాబీ జోన్స్ నాలుగు పెద్ద పోటీలూ ఒకే ఏడాదిలో గెలిచింది ఆ కర్రలతోనే. ఉక్కు షాఫ్ట్‌లకు అమెరికాలో 1924లో, బ్రిటన్‌లో 1929లో అనుమతి వచ్చింది. ఉక్కు అంతగా మెలిపడదు కాబట్టి చేతుల తిప్పుడు అవసరం తగ్గింది, కాళ్లూ నడుమూ ఎక్కువ పని అందుకున్నాయి. ఆ మార్పుకు దారి చూపిన బైరన్ నెల్సన్ స్వింగ్ ఎంత నిలకడగా ఉండేదంటే, 1960లలో క్లబ్‌లను పరీక్షించడానికి యంత్రం తయారు చేసినవాళ్లు ఆయన స్వింగ్‌నే నమూనాగా తీసుకున్నారు. దాన్ని ఐరన్ బైరన్ అంటారు. పనిముట్టు మారితే పద్ధతీ మారింది. నెల్సన్ కాళ్లూ జోన్స్ చేతులూ కలిపి కొడదామనుకుంటే రెండూ పాడవుతాయి.

భాగాలు కుదిరితే వింత స్వింగైనా పనిచేస్తుందనడానికి జిమ్ ఫ్యూరిక్ అనే ఆటగాడి వీడియో ఒకసారి చూడు. క్లబ్ నిట్టనిలువుగా పైకి పోయి, పైన మెలిక తిరిగి, వేరే దారిలో దిగుతుంది. ఏ పుస్తకంలోనూ అలా ఉండదు. ఆయన 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక రౌండ్‌ను 58 దెబ్బల్లో ముగించి పీజీఏ టూర్ రికార్డు పెట్టాడు. ఆ మెలిక ఎంత వింతగా ఉన్నా బంతి దగ్గర ఫేస్ చూడాల్సిన వైపే చూస్తుంది, ప్రతిసారీ. కెనడా ఆటగాడు మో నార్మన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు చాచి, చెయ్యీ షాఫ్టూ ఒకే గీతలో పెట్టి మొదలుపెట్టేవాడు. మణికట్టు దగ్గర ఒక కోణాన్ని మొదట్లోనే తీసేశాడన్నమాట. దూరం కొంత తగ్గినా బంతి తిన్నగా పోవడంలో ఆయనకు సాటి లేరంటారు. మీ ఊరి పక్కన డాలస్‌లోనే సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చదివిన బ్రైసన్ డిషాంబో అదే ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ఐరన్‌లన్నీ ఒకే పొడవు చేయించుకున్నాడు, నిలబడే తీరూ వాలూ ప్రతిసారీ మారకుండా. 2020లోనూ 2024లోనూ యూఎస్ ఓపెన్ గెలిచాడు.

బరువును ఎడమ కాలి మీదే నిలిపే స్టాక్ అండ్ టిల్ట్ గురించి కూడా అడిగావు. స్వింగ్ వృత్తం అట్టడుగు బిందువు ప్రతిసారీ ఒకే చోట పడాలన్నది దాని ఉద్దేశం. ఐరన్ ముందు బంతిని, తర్వాత నేలను తాకాలి కాబట్టి ఆ ఆలోచనలో పస ఉంది. కానీ ఇప్పుడు నువ్వు మూడో పద్ధతి కలుపుకోవద్దు.

నన్ను తేల్చి చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. వన్ ప్లేన్ నడుము బలాన్నీ తిరుగుడునూ ఎక్కువ అడుగుతుంది, టూ ప్లేన్ టైమింగ్‌ను ఎక్కువ అడుగుతుంది. నువ్వు చిన్నప్పటి నుంచి కూచిపూడి చేస్తున్నావు, నీ తుంటీ నడుమూ బాగా తిరుగుతాయి. అందుకే ఈ సీజన్‌కు స్కూల్ కోచ్ చెప్పే వన్ ప్లేన్ పద్ధతి పూర్తిగా తీసుకో, నిలబడే తీరుతో సహా. శనివారం ఆవిడకు ఈ సంగతి చెప్పి, ఈ కొన్ని నెలలూ పుట్టింగ్, చిప్పింగ్ నేర్పమని అడుగు. మన అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, అక్కడ ఆడినవాళ్ల డ్రైవ్‌లలో ఆమెది పొట్టివాటిలో ఒకటి. గ్రీన్ మీద ఆమె చేసిన పని అంత గొప్పది.

ఒక్క షరతు మాత్రం ఉంది. గోల్ఫర్లకు ఎక్కువగా దెబ్బతినేది నడుము కింది భాగమే. స్వింగ్‌లో వెన్నుపూసల మీద శరీర బరువుకు ఎనిమిది రెట్ల ఒత్తిడి పడుతుందని కొలిచారు. నడుము ఒక పక్క పట్టేస్తే, ఉదయం లేవగానే నొప్పిగా ఉంటే, దాచకుండా మీ అమ్మకు చెప్పు. అప్పుడు నా సలహా చెల్లదు, డాక్టర్ మాటే చెల్లుతుంది.

సాధన చేసేటప్పుడు మోచెయ్యి గురించి, మోకాలి గురించి ఆలోచించకు. 1999లో గాబ్రియేల్ వుల్ఫ్ బృందం గోల్ఫ్ కొత్తగా నేర్చుకునేవాళ్ల మీద పరీక్ష చేస్తే, చేతుల కదలిక మీద మనసు పెట్టినవాళ్ల కంటే క్లబ్ కదలిక మీద మనసు పెట్టినవాళ్లే బంతిని గురికి దగ్గరగా వేశారు. క్లబ్ తల ఎటు పోతోందో మనసులో చూసుకుంటూ కొట్టు, చాలు.

వీడియో పంపుతానన్నావు. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే ఏర్పాటు ఉంటుంది, అది పెట్టు. అయినా ఎల్‌పీజీఏ డ్రైవర్ వేగంతో అయితే రెండు ఫ్రేముల మధ్య క్లబ్ తల 17 సెంటీమీటర్లు దాటిపోతుంది, కాబట్టి దెబ్బ తగిలే క్షణం అందులో దొరకదు. దాన్ని బంతి పోయిన దారిని బట్టే తెలుసుకోవాలి. ఫోన్‌ను గురి గీతకు వెనక వైపు, గురి దిక్కుగా చూసేలా, నీ చేతుల ఎత్తులో నిలబెట్టు. పక్కకు జరిగితే వాలు తప్పుగా కనబడుతుంది. క్లబ్ ఫేస్ మీద కాస్త పౌడర్ రాసుకుని కొట్టు, బంతి ఎక్కడ తగిలిందో గుర్తు పడుతుంది, దాన్నీ ఫొటో తియ్యి. మధ్యకు దూరంగా తగిలిన బంతుల్ని లెక్కలోకి తీసుకోవద్దు, వాటి వంకరకు కారణం వేరు. ఏడో ఐరన్‌వి ఒక వీడియో, డ్రైవర్‌వి ఒక వీడియో చెయ్యి. కొట్టిన ప్రతిసారీ ఎటు బయలుదేరింది, ఎటు వంగింది అని గట్టిగా పలుకు, ఇక్కడ కూర్చుని నేను రాసుకుంటాను.