పాత యింటి జ్ఞాపకము - క్రొత్త యింటి కట్టడము

పాత యింటిని పడగొట్టి క్రొత్త యిల్లు కట్టవలసిన దినము మనలో ననేకులకు వచ్చినది, తక్కినవారికి రానున్నది. దూలములను చెద తినును. పెంకులు సవరించు పనివారు దొరకరు. పట్టణమునుండి వచ్చు కోడండ్రకును మనుమలకును స్నానపుగది యింటిలోపలనే కావలెను. ఇవి యన్నియు న్యాయమైన మాటలే. అయినను గునపము గోడపై పడునప్పుడు మన గుండె కలుక్కుమనును. మన తలిదండ్రుల బ్రదుకును క్రొత్త గోడలలోనికి తెచ్చుకొను నుపాయమేమి యనునదే నేటి నా ప్రసంగము.

నేను గోదావరి సీమలో మండువా లోగిలిలో పుట్టి పెరిగినవాడను. అట్టి యిల్లు మీలో పెక్కురెఱిగినదే. నడుమ ఆకాశము కనబడు మండువా, చుట్టును నాలుగు వసారాలు, వాని వెనుక గదులు, వీథివైపున నరుగులు. కప్పు లోపలికి వాలియుండుటచే వాననీరు మండువాలో పడి తూముగుండ వెలుపలికి పోవును. వేసవిలో లోపలి వేడిగాలి పై కెగసి యా దారినే వెడలిపోగా, పెరటి చెట్ల నీడనుండి చల్లని గాలి తలుపులగుండ వచ్చి చేరును. అనగా మండువా సొగసుకొఱకు పెట్టినది కాదు; వెలుగునకును గాలికిని నదియే మూలము.

నాలుగేండ్ల క్రిందట మా యిల్లు తిరిగి కట్టవలసివచ్చినది. ఒక ఇంజనీరు పటము గీచి తెచ్చెను. నాకు పాత వస్తువులపై మక్కువ యని విని, మండువాకు బదులు గాజుకప్పు వేసిన హాలును, దానిచుట్టు సిమెంటుతో చేసి కొయ్యరంగు పూసిన స్తంభములను చూపెను. చూచుటకు ముచ్చటగానే యుండెను. కాని గాజు ఎండను లోనికి రానిచ్చును, వేడిని వెలుపలికి పోనీయదు. పై దారి మూసిన మండువా వేసవిలో కొలిమి యగును. రూపము మిగిలెను గాని పని పోయెను.

ఆ పటమును మా యక్కగారికి విప్పి చెప్పితిని. ఆమెకు ఎనుబదియేండ్లు సమీపించినవి. చూపు మందగించి చాలకాలమైనది. ఆమె స్తంభముల మాటయే యెత్తలేదు. “తమ్ముడా! వంటింటి గడప దాటినది మొదలు నూతివఱకు ఎన్ని యడుగులు?” అని యడిగిరి. నాకు తెలియలేదు. “పదునాలుగు. ఏడవ యడుగున తులసికోట కుడిచేతికి తగులును. నీ పటములో నా చేతికేమి తగులును?” అనిరి.

నేను నిరుత్తరుడనైతిని. ఆమె రాత్రివేళ దీపము లేకయే ఇల్లంతయు తిరుగుదురు. ఆ యింటి కొలతయే ఆమెకు చూపు. తెలియక మేము దానిని తీసివేయబోతిమి.

అటు తఱువాత వారము దినములు పటమును ప్రక్కకు పెట్టి, ఇంటిలో నెవరు ఏ వేళ నెక్కడ కూర్చుందురో, ఎటు నడతురో వ్రాసికొంటిని. ఆ వ్రాత చూచి ఇంజనీరు ఓర్పుతో మరల పటము గీచెను. వంటిల్లు ఆగ్నేయముననే నిలిచినది. నూతి త్రోవ ఆ పదునాలుగడుగులే. మండువా చిన్నదైనను పైన తెఱచియే యున్నది. కోతులు దిగకుండ ఇనుప చువ్వలు వేయించితిమి. మా తండ్రిగారు పిల్లలకు అమరము చెప్పిన అరుగు చోటనే అరుగు కట్టించితిమి. ఎత్తుగడపలు మాత్రము వలదని అక్కగారే చెప్పిరి, “కాలికి తగిలి పడవేయు జ్ఞాపకము నాకేల?” అనిరి. ఆమె గదిని చేర్చి స్నానపుగదియు, పట్టుకొనుటకు గోడకొక కమ్మియు నమర్చితిమి.

ఇక పాత పెంకుల సంగతి. ఆంగ్లదేశమున పుట్టి తిరువనంతపురమున స్థిరపడిన లారీ బేకరు (1917-2007) అను వాస్తుశిల్పి చౌక యిండ్లకై ప్రచారము చేసిన పద్ధతి యొకటి కలదు. స్లాబు వేయునపుడు ఇనుపకమ్ముల గళ్లలో, నడుమ సందుండునట్లు రెండేసి మంగుళూరు పెంకులు కలిపి పేర్చి, పైన కాంక్రీటు పోయుదురు. స్లాబు అడుగుభాగమున కలుగు లాగుడును భరించునది ఇనుమే గాని కాంక్రీటు కాదు. కావున అచ్చట కొంత కాంక్రీటుకు బదులు పెంకు పెట్టినను బలమునకు లోటు రాదు, సిమెంటు మిగులును, పెంకుల నడుమనున్న గాలి ఎండవేడిని కొంత యాపును. అయితే లెక్క తెలిసిన ఇంజనీరు లేక దీనికి పూనుకొనరాదు. మా తాతగారు కప్పించిన పెంకులు నేడు మా గదుల కప్పులో వరుసలుగా కనబడుచున్నవి.

గృహప్రవేశమైన రాత్రి కరెంటు పోయెను. ఇంటినిండ చుట్టములు, ఎవరికిని ఎటు కదలుటకును తోచలేదు. అక్కగారు లేచి, వంటింటిలోనికి పోయి, దీపము వెలిగించి తెచ్చి మా నడుమ పెట్టిరి.

కావున పెద్దలారా! పటము గీయించుటకు ముందు మీ యింటిలో నొకమాఱు నడచి చూడుడు. ఇంటిలోని వృద్ధులను, స్త్రీలను అడుగుడు. స్తంభములను కొనవచ్చును, అడుగుల లెక్క వారియొద్దనే యున్నది.