ఆదాయపు పన్ను పత్రములో సేద్యపు రాబడిని చూపు విధము

సేద్యపు రాబడికి ఆదాయపు పన్ను లేదను మాట మన సభ్యులందఱును ఎఱిగినదే. బ్రిటిషువారి 1886 నాటి చట్టమున ఏర్పడిన యీ మినహాయింపును 1961 నాటి చట్టము గాని, దాని స్థానమున 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన 2025 నాటి చట్టము గాని తొలగింపలేదు. అయినను పన్ను లేని రాబడిని పత్రములో వ్రాయనక్కఱలేదని కొందఱు తలంచుచున్నారు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

సేద్యము తప్ప వేఱు రాబడి లేని రైతునకు సామాన్యముగా ఈ బాధ లేదు. ఉపాధ్యాయోద్యోగమో, ఎరువుల దుకాణమో కలిగి పొలమును చేయించుకొనువారు మనలో పెక్కుమంది. వారి యితరాదాయము పన్ను లేని పరిమితిని మించి, ఖర్చులు పోగా సేద్యపు రాబడి రూ. 5,000 దాటినచో 1973 లో ఏర్పడిన కలుపు లెక్క వర్తించును.

ఒక ఉపాధ్యాయునకు 2025-26 లో తగ్గింపులు పోను జీతము రూ. 14 లక్షలు, పొలముపై నికరము రూ. 2 లక్షలు వచ్చినవనుకొందము. క్రొత్త పన్ను విధానమున రెండును కలిపి 16 లక్షలపై పన్ను రూ. 1,20,000. పన్ను లేని 4 లక్షలకు పొలపు 2 లక్షలు చేర్చి, ఆ 6 లక్షలపై కట్టిన పన్ను రూ. 10,000. దీనిని తీసివేయగా రూ. 1,10,000 నిలుచును, సెస్సు వేఱు. జీతముపై మాత్రమే లెక్కించినచో రూ. 90,000 అయి యుండెడిది. పొలముపై పన్ను వేయలేదు, జీతపు రేటు మాత్రమే హెచ్చినదని చట్టపు తర్కము. ఇరువది వేలు అధికముగా చెల్లించువానికి ఈ భేదము ఎంతవఱకు రుచించునో చెప్పలేము!

ఇట్టివారు సహజ్ అను ఐటీఆర్-1 ను నింపరాదు. జీతగాండ్రు ఐటీఆర్-2 ను, వ్యాపారస్థులు ఐటీఆర్-3 ను నింపవలెను. నికర సేద్యాదాయము 5 లక్షలు మించినచో జిల్లా, పిన్‌కోడు, విస్తీర్ణము, సొంతమో కౌలో, నీటిపాఱుదల గలదో వర్షాధారమో తెలుపవలెను. 2016 తరువాత సూర్యాపేట, కోదాడ సూర్యాపేట జిల్లాలోనివి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే యున్నది. పాత కాగితములు చూచి పొరపడరాదు.

కౌలుకిచ్చిన పొలముపై వచ్చు కౌలు సేద్యపు రాబడియే. పాడి, కోళ్ల పెంపకము కావు. సంఘములో దాచిన సొమ్ముపై వడ్డీయు, వాటాలపై లాభాంశమును కావు. మిర్యాలగూడవారు ఇంకొకటి గమనింపవలెను. వడ్లు అమ్మినంతవఱకు అది సేద్యమే. మిల్లు గల రైతు తన వడ్లనే ఆడించి బియ్యముగా అమ్మినచో, ఆ వడ్ల బజారు ధర సేద్యపు పద్దు. మిల్లు ఖర్చులు పోగా పైన మిగిలినది వ్యాపార లాభము.

అన్నిటికంటె పెద్ద నష్టము భూమి అమ్మునపుడు కలుగును. పట్టణమునకు దూరముననున్న సేద్యపు భూమి అమ్మకముపై వచ్చిన లాభమునకు పన్ను లేదు. ఆ దూరము జనాభాను బట్టి మాఱును. 2011 జనగణనలో లక్ష దాటిన సూర్యాపేట, మిర్యాలగూడలకు పురపాలక సరిహద్దు నుండి 6 కిలోమీటర్లు. లక్షకు లోబడిన కోదాడకు 2. బాట వెంట కాక తిన్నని గీతగా కొలువవలెను. బస్సు చార్జీని బట్టి దూరము నిర్ణయించుకొన్నవారు మోసపోవుదురు. హద్దులోపలి భూమియైనను, అమ్మకమునకు ముందు రెండేండ్లు తామో తమ తల్లిదండ్రులో సేద్యము చేసినదై, అమ్మిన రెండేండ్లలో వేఱు సేద్యపు భూమి కొన్నచో, కొన్నంత మేరకు ఉపశమనము కలదు.

పాసు పుస్తకము, కౌలు పత్రము, మార్కెట్టు యార్డులో ఇచ్చు తక్‌పట్టీలు, విత్తనపు ఎరువుల రసీదులు ఏటేట ఒక సంచిలో భద్రపఱచుడు. బ్యాంకులో వేసిన నగదు ఎక్కడిదని అడిగినపుడు నోటిమాట చెల్లదు. ఇతరులచే పత్రము పంపించువారు, పంపిన 30 దినములలో దానిని ధ్రువపఱచినదియు లేనిదియు తామే విచారించుకొనవలెను. ఆధార్‌తో ముడిపడిన ఫోనునకు వచ్చు సంఖ్యతో ఈ పని నిమిషములో ముగియును. గడువులోగా చేయనిచో ఆ పత్రము దాఖలైనట్లు కాదు.