మెప్పుల లెక్కయు, కథల గుణమును

పదిమంది మెచ్చినదెల్ల మంచిదనియు, ఎవ్వరును చూడనిది కొఱగానిదనియు తలంచుట లోకస్వభావము. వ్రాతను వృత్తిగా గొనక, కేవలము మక్కువచే కథలు వ్రాయు స్త్రీలకు ఈ తలంపు ఎట్టి చేటు తెచ్చుచున్నదో ఈ నెల ముచ్చటింపదలచితిమి.

అమెరికాలో 1966వ సంవత్సరమున ‘స్టార్ ట్రెక్’ అను ధారావాహిక టెలివిజనులో మొదలయ్యెను. నక్షత్రముల నడుమ సంచరించు నౌకయు, అందలి యుద్యోగులును దాని కథావస్తువు. దానిని చూచి మురిసినవారు ఆ పాత్రలతోనే క్రొత్త కథలు కల్పించి, 1967లో ‘స్పాకనేలియా’ అను చిన్న పత్రికను వెలువరించిరి. పిమ్మట వచ్చిన అట్టి పత్రికలలో వ్రాసినవారు హెచ్చుగా స్త్రీలే. తెలిసిన కథను మరల చెప్పుట మనకు వింత గాదు. రామకథ లోకమున నుండగనే గదా మొల్ల తన రామాయణమును రచించినది!

అయితే ఆ కథలలో ఒక మూస ప్రబలెను. అందఱికంటె చిన్నది, చక్కనిది, సర్వవిద్యలు నేర్చినది యగు కన్యక నౌక నెక్కును. ఎల్లవారును ఆమెకు వశులగుదురు. 1973లో పౌలా స్మిత్ అను నామె ‘మెనాజరీ’ అను పత్రికలో ఈ మూసను వెక్కిరించుచు చిన్న కథ వ్రాసెను. అందలి నాయిక పేరు మేరీ స్యూ. వయస్సు పదునైదున్నర యేండ్లు. నాటినుండి ఆ పేరే ఆ మూసకు పేరయ్యెను. మందలింపు న్యాయమే. కాని కథలో తెలివిగల పడుచు కనబడినచాలు, పూర్తిగ చదువకయే కొందఱు ఆ పేరును కొరడావలె ఝళిపింపసాగిరి.

నేడు అట్టి కథలు అంతర్జాలమునకు చేరినవి. 2009లో తెరువబడిన ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అను కథాభాండాగారమునకు 2019లో హ్యూగో బహుమానము లభించినది. అచ్చట కథ నచ్చినవారు ‘కుడోస్’ అను మెప్పు గుర్తు నొసగుదురు. ఒక కథకు ఒక్కరు ఒక్కమారే యీయవలెను. కంట నీరు పెట్టించిన కథకును ఒక్కటే, కాలక్షేపమునకు చదివిన కథకును ఒక్కటే! కావున ఆ లెక్క ఎందఱు మెచ్చిరో చెప్పునుగాని, ఎంతగా మెచ్చిరో చెప్పజాలదు. మఱియు ఎల్లరెఱిగిన పాత్రల కథలకు చదువరులు పెక్కుమంది. మూలనున్న పాత్ర కథకు పదుగురే. పైగా మెప్పులు హెచ్చుగాగల కథలను ముందు పేర్చి చూచుకొను వీలు గలదు. తిరునాళ్ళలో గుంపున్న యంగడికే మరల గుంపు చేరినట్లు, ఉన్నదానికే మెప్పు చేరుచుండును.

ఎక్కువ మెప్పులు పొందినదెల్ల చెడ్డదని మేమనము. అందును ఉత్తమకథ లుండవచ్చును. మా వాదమొక్కటే: లెక్కయు, వెక్కిరింపు పేరును, రెండును చదువు శ్రమను తప్పించుకొను ఉపాయములు. వానివలన నష్టపడునది ఎవరు? ఇంటిపనులు ముగించి రాత్రివేళ వ్రాయు క్రొత్త రచయిత్రి. తన కథకు మెప్పులు రాలేదని ఆమె తనకు దోచిన త్రోవను విడిచి మూసలోనికి దిగును. లేదా కలమునే మూలబెట్టును.

కావున కథ నచ్చినపుడు గుర్తుతో సరిపెట్టక, ఏ ఘట్టము మనస్సున నాటెనో, ఏల నాటెనో రెండు పంక్తులు ఆమెకు వ్రాయుడు. పదుగురే చదివిన కథ కనబడినయెడల, పదునొకండవ చదువరులు మీరు కండు.