దెబ్బ తిన్నా నేర్చుకుంటుంది వెన్నుపాము!

కల్లు గీస్తూ చెట్టు మీది నుంచి జారినవాళ్లు, రాత్రిపూట బైక్‌కు బర్రె అడ్డం వచ్చి పడ్డ కుర్రాళ్లు, స్లాబ్ పని చేస్తూ కిందపడ్డ మేస్త్రీలు... మా మనూర్ దిక్కు ‘నడుం ఇరిగింది’ అంటే గుర్తొచ్చేది వీళ్లే. ఆ వెంటనే ఎవరో ఒకరు ‘ఇగ అంతే, లేవడు’ అనేస్తారు. ఆ మాట చాలామంది విషయంలో తొందరపాటే అంటోంది సైన్స్.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. వెన్నుపూసలు అంటే బొక్కలు. వాటి మధ్య సొరంగంలో చిటికెన వేలంత మందాన, దాదాపు 45 సెంటీమీటర్ల పొడవున ఉండేది వెన్నుపాము. ఆపరేషన్‌లో రాడ్లు, స్క్రూలు వేసి నిలబెట్టేది బొక్కల్నే. బొక్క అతుకుతుంది కానీ వెన్నుపాములో తెగిన నరాల పోగులు అలా అతుక్కోవు. దెబ్బ తగిలిన చోట ఏర్పడే మచ్చ, చుట్టూ ఉండే కొన్ని ప్రొటీన్లు వాటిని మళ్లీ పెరగనివ్వవు.

మరి ఆశ ఎక్కడుంది? మిగిలిన పోగుల్లో ఉంది. చాలామందికి వెన్నుపాము పూర్తిగా తెగదు. వాగు పొంగి రోడ్డు మూసుకుపోతే మనం చేన్ల గట్ల మీది నుంచి పోతాం కదా? ఒక్కరోజు నడిస్తే గడ్డి వంగుతుంది, రోజూ నడిస్తే బాట పడుతుంది. నరాలూ అంతే. పెద్దదారి తెగినా, వెన్నుపాములోని చిన్న చిన్న నరాలు గొలుసులా కలిసి మెదడు సందేశాన్ని కిందికి చేరవేయగలవని 2008లో ఎలుకల మీద జరిగిన పరిశోధన చూపించింది. దీన్నే న్యూరోప్లాస్టిసిటీ అంటారు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. మా నెట్‌వర్క్‌లో ఒక కేబుల్ తెగితే డేటా క్షణాల్లో వేరే దారి పడుతుంది. శరీరంలో అంత తేలిక కాదు. అదే కదలికను వందలసార్లు, వేలసార్లు చేయిస్తేనే కొత్త బాట గట్టిపడుతుంది. అందుకే ఫిజియోథెరపీ అంటే ఆపరేషన్ తర్వాత చేయించే మర్దన కాదు. అసలు వైద్యం అదే.

మా చిన్నాయన పత్తి ట్రాక్టర్ మీది నుంచి పడ్డాడు. ఆపరేషన్ బాగానే అయింది. డిశ్చార్జ్ కాగితం మీద మాత్రం చివర్లో ఒక్కటే ముక్క: ‘ఫిజియోథెరపీ’. ఎన్ని నెలలు, ఎక్కడ, ఏమేం చేయించాలి? ఒక్క మాట లేదు. హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైనే. పోయిన ప్రతిసారీ కారు కిరాయి, తోడు వచ్చేవాళ్ల కూలి పోవడం. కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల నుంచి ఏడాదిలోపే జరుగుతుంది. సరిగ్గా ఆ నెలల్లో ఆయనకు అందింది వారానికి ఒక్కరోజు. ఇప్పుడు వాకర్ పట్టుకుని వాకిలి దాకా వస్తాడు. రోజూ చేయించి ఉంటే ఎక్కడిదాకా వచ్చేవాడో!

టైమ్ దాటినవాళ్లకు తలుపులు మూసుకుపోయినట్టేనా? కాదు. మెడ దగ్గర గాయమై చేతులు సరిగా పనిచేయని 60 మందిపై జరిగిన ‘అప్-లిఫ్ట్’ ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. ముందు రెండు నెలలు ఎక్సర్‌సైజులు, తర్వాత రెండు నెలలు మెడ చర్మం మీద నుంచే కరెంటు ప్రేరణ ఇస్తూ అవే ఎక్సర్‌సైజులు. 72 శాతం మందికి చేతుల బలం, పనితనం రెండూ పెరిగాయి. దెబ్బ తగిలి 34 ఏళ్లయినవారిలోనూ మార్పు కనిపించింది. ఇక్కడ కరెంటు ఒక్కటే పనిచేయలేదు, సాధన తోడైంది.

ఈ రంగంలో మన హైదరాబాద్ పేరూ ఉంది. కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో చదివిన రాజేశ్ రావు ఇప్పుడు అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ప్రొఫెసర్. 2013లో ఆయన చెయ్యి కదపాలని మనసులో అనుకుంటే, క్యాంపస్‌లో మరోచోట కూర్చున్న సహచరుడి వేలు కదిలింది! మెదడు సంకేతాల్ని ఏఐతో చదివి, తగిన చోట ప్రేరణ ఇచ్చి, నరాలకు కొత్త దారి నేర్పే ‘బ్రెయిన్ కో-ప్రాసెసర్ల’ మీద ఆయన పనిచేస్తున్నారు.

ఇవి మన ఊళ్లకు వచ్చేలోపు ఒక జాగ్రత్త. ‘స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నడుస్తాడు’ అంటే నమ్మి ఎకరం అమ్ముకోకండి. వెన్నుపాము గాయానికి దీన్ని పరిశోధనగా తప్ప, డబ్బులు తీసుకుని వైద్యంగా ఇవ్వకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ డబ్బు రోజువారీ ఫిజియోథెరపీకి పెట్టండి. ఇంట్లో ఏం చేయించాలో నేర్పమని ఫిజియోథెరపిస్టును గట్టిగా అడగండి, చేయించేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకోండి. మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. పుండ్లు పడితే సాధన మొత్తం ఆగిపోతుంది.

గీత కార్మికులు చెట్టు మీది నుంచి పడకుండా 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు తెచ్చింది. మంచి పని. పడ్డవాళ్ల కోసం మండలానికో ఫిజియోథెరపిస్టు ఉంటే, ‘ఇగ అంతే’ అనే మాట చాలా ఇళ్లలో వినపడదు.